కవర్ కింద మొలిచిన ఫంగస్: ఒక రైఫిల్ స్కోప్ కేస్ స్టడీ

బైనాక్యులర్లు, కెమెరా లెన్సులు, సర్వే వాళ్ల థియోడొలైట్లు, కాలేజీ ల్యాబుల మైక్రోస్కోపులు: అబిడ్స్‌లోని నా వర్క్‌షాప్‌కి ఎక్కువగా వచ్చేవి ఇవే. రైఫిల్ స్కోపులు, అంటే తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణులు, ఏడాదికి కొన్ని మాత్రమే వస్తాయి. వాటిలో కింద పడి పాడైనవి తక్కువ. జాగ్రత్తగా కవర్ తొడిగి బీరువాలో దాచడం వల్ల పాడైనవే ఎక్కువ. ఇక్కడ చెప్పబోయే స్కోపు ఆ రెండో రకం. కవర్ ఎంచుకునేటప్పుడు అందరూ అడవిలో, చేలో ఏమవుతుందో ఆలోచిస్తారు. కానీ హైదరాబాద్‌లో స్కోపు బతుకులో ముప్పాతిక భాగం ఇంట్లోనే గడుస్తుంది, అందులో నాలుగు నెలలు వానాకాలం. ఆ నాలుగు నెలలకి సరిపడని కవర్ ఎంత ఖరీదైనదైనా దండగే.

కస్టమర్‌ది వికారాబాద్ వైపు ఊరు, ఇల్లు మలక్‌పేటలో. వయసు అరవై దగ్గర. తండ్రి నుంచి వచ్చిన .30-06 (తూటా రకం) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి గుండుకీ చేత్తో పిడి లేపి బోల్టు లాగాల్సింది, ఆయన పేరిట లైసెన్సులో ఉంది. దాని మీద 3-9×40 స్కోపు (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపించేది, ముందు గాజు 40 ఎం.ఎం.), ఒక అంగుళం ట్యూబు. మక్క చేలు, పల్లి చేలు తవ్వి పోసే అడవి పందుల కోసం అనుమతి వచ్చినప్పుడు ఊరికి వెళ్తారు.

ఈ అనుమతి సంగతి ముందే చెప్పేయాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. పంటని నాశనం చేసే జంతువు విషయంలో కూడా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన వాళ్లు గానీ కారణాలు చూపించి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తేనే తుపాకీ తీయాలి. అది ఆ చట్టంలోని 11వ సెక్షన్. ఇంకో మాట: తుపాకీ రిపేరు చేయాలంటే ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. నాకది లేదు. నేను చూసేది గాజు వరకే. అందుకే రైఫిల్ నా దగ్గరికి రాకూడదని ఫోన్‌లోనే చెప్పాను. ఆయన లైసెన్సున్న డీలర్ దగ్గర స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు విప్పించి, స్కోపు ఒక్కటే పట్టుకొచ్చారు.

కవర్‌తో సహా తెచ్చారు. అది మేలైంది.

"పొద్దుగూకే యాళ్లకు చూస్తే పొగ పట్టినట్టు కనబడుతుంది తమ్మీ. లోపల గ్యాస్ పోయిందట, కొత్తది తీసుకోమంటున్రు. నేనైతే మస్తు పైలంగ చూసుకున్న. కవర్ తియ్యకుంట బీరువాల పెట్టిన."

ఆ చివరి మాట వినగానే నాకు సగం సంగతి అర్థమైంది. మిగతా సగం టేబుల్ మీద తేల్చుకోవాలి.

టేబుల్ మీద చూసింది

మంచి స్కోపుల్లో గాలికి బదులు పొడి నైట్రోజన్ నింపి, రబ్బరు ఓ-రింగులతో సీలు చేస్తారు. లోపల తేమ లేకపోతే లోపల మంచు పట్టదు, ఫంగసూ రాదు. సీలు పోతే రెండూ వస్తాయి. కాబట్టి మొదటి ప్రశ్న: ఈ పొగ లోపల ఉందా, బయట ఉందా?

దీనికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. స్కోపుని గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీశాను. బయటి గాజు మీద వెంటనే తేమ పట్టింది. మెత్తటి గుడ్డతో అద్దగానే పోయింది. లోపలి గాజు మీద ఏమీ లేదు. అంటే సీలు బాగానే ఉంది, గ్యాస్ ఎక్కడికీ పోలేదు. కొత్త స్కోపు కొనమన్నవాళ్లు ఈ పని చేసి ఉంటే ఆయనకి టెన్షన్ తప్పేది.

తర్వాత చిన్న ఎల్ఈడీ టార్చిని పక్కవాటుగా కొట్టి, పది రెట్లు పెద్దది చేసి చూపించే లూప్‌తో చూశాను. ముందు గాజు అంచున, రిటైనింగ్ రింగు గాజుని పట్టుకునే చోట, తెల్లటి దారాలు. ఒక్కో చుక్క నుంచి నాలుగు వైపులా పాకాయి. కంటి వైపు గాజు మీద ఇంకా ఎక్కువ. అక్కడ కనురెప్పల జిడ్డు, చెమట అంటుకుంటాయి, ఫంగస్‌కి అదే తిండి. ట్యూబు మీద రింగులు పట్టిన చోట తుప్పు మచ్చలు. రింగు స్క్రూల తలల్లో ఎర్రటి పొడి. ఇవన్నీ సరిగ్గా కవర్ కప్పిన హద్దు వరకే ఉన్నాయి. కవర్ బయట ఉన్న ట్యూబు కింది భాగంలో ఒక్క మచ్చ లేదు.

ఆ కవర్ నియోప్రీన్‌ది. డైవర్ల వెట్‌సూట్లు కుట్టే రబ్బరు నురగ అదే, రెండు వైపులా నైలాన్ గుడ్డ అతికించి ఉంటుంది. సాగదీసి రైఫిల్ మీదున్న స్కోపుకి పైనుంచి సాక్స్‌లా తొడిగితే రెండు చివర్లూ, మధ్యలో టరెట్లూ (గురి సరిచేసే గుబ్బలు) అన్నీ మూసుకుపోతాయి. చూడటానికి ఇంతకంటే భద్రమైన కవర్ ఇంకోటి ఉండదనిపిస్తుంది. జీపులో పోతున్నప్పుడు అది నిజమే.

తేమ ఎక్కడి నుంచి వచ్చింది

ఆయన చివరిసారి ఊరికి వెళ్లింది ఆగస్టులో. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాను. రైఫిల్ ఏసీ కారులో, కవర్ తొడిగి. ఊరి పొలిమేరలో దిగి కవర్ తీశారు. గాజు తెల్లబడింది, చొక్కా కొనతో తుడిచారు. రాత్రంతా మంచె దగ్గర. ముసురు. తెల్లవారి కవర్ తొడిగి కారెక్కారు. మలక్‌పేట వచ్చి రైఫిల్ నాళం శుభ్రం చేసి నూనె పట్టించారు. స్కోపుని ముట్టుకోలేదు, ఎందుకంటే "అది కవర్ల ఉంది కదా". బీరువాలో పెట్టి తాళం వేశారు. దసరా దాటాక గానీ మళ్లీ తీయలేదు.

అంకెల్లో చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వానాకాలం సాయంత్రం పొలంలో 26 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం అనుకుందాం. అలాంటి గాలి 23 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీటి బిందువుగా మారుతుంది. ఏసీ కారులో గంటన్నర ఉన్న స్కోపు లోహం 21, 22 డిగ్రీలే. తలుపు తీయగానే గాజు తెల్లబడటంలో వింతేమీ లేదు. పది పదిహేను నిమిషాలు కవర్‌తోనే బయట ఉంచి, లోహం బయటి వేడికి వచ్చాక కవర్ తీస్తే ఆ తేమ పట్టదు. ఈ ఒక్క చోట నియోప్రీన్ మేలే చేస్తుంది.

తెల్లవారి తడి స్కోపుకి కవర్ తొడగడంతోనే కథ మారింది. నియోప్రీన్ నురగలో బుడగలన్నీ మూసుకుని ఉంటాయి. అందుకే నీళ్లు లోపలికి రావు, అందుకే ఆవిరి బయటికీ పోదు. వేడన్నం టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మూత లోపల నీళ్లు పట్టినట్టే ఇదీ. ఫంగస్‌కి కావలసినవి నాలుగే: డెబ్బై శాతం దాటిన తేమ, చీకటి, కదలని గాలి, కాస్త జిడ్డు. నాలుగూ ఆ కవర్‌లో ఉన్నాయి.

మాట వరసకి చెప్పడం కాదని, ఆయన కవర్‌నే నా దగ్గరున్న పాత స్కోపుకి తొడిగి చూశాను. స్కోపు మీద స్ప్రేతో కొద్దిగా నీళ్లు కొట్టి, గుడ్డతో పైపైన తుడిచి, లోపల వైరున్న తేమ మీటరు ప్రోబ్ ఒకటి దూర్చి, రాత్రి అలమరలో పెట్టాను. మర్నాడు సాయంత్రానికి కూడా మీటరు తొంభైకి దిగలేదు. అదే స్కోపుని అదే తీరులో తడిపి, కాటన్ సంచిలో పెట్టినప్పుడు మధ్యాహ్నానికే గదిలో ఎంత ఉందో అంతకి వచ్చేసింది. ఆయన్ని పిలిచి మీటరు చూపించాను. ఆ తర్వాత నేను ఒప్పించాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఫంగస్ తీయడం

ఇది త్వరగా చెప్పేస్తాను. ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్. ఆ తర్వాతే తడి గుడ్డ. మన హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల, ఇక్కడి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7. లెన్సు గాజూ, వెలుతురు వెనక్కి పోకుండా దాని మీద వేసే పల్చటి కోటింగూ అంతకంటే మెత్తన. దుమ్ము ఊదకుండా చొక్కా కొనతో తుడవడమంటే గరుకు కాగితం రుద్దడమే. ఆయన స్కోపు ముందు గాజు మీద గుండ్రంగా తిరిగిన సన్నటి గీతలు కనిపించాయి, అవి ఆ చొక్కా పుణ్యమే.

తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్దిన లెన్స్ టిష్యూతో ఫంగస్‌ని తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ముగించాను. ముందు గాజు దాదాపు శుభ్రపడింది. కంటి వైపు గాజు మీద మాత్రం దారాలు పోయినా వాటి జాడ మిగిలింది. ఫంగస్ వదిలే ఆమ్లాలు కోటింగ్‌ని తినేస్తాయి. కోటింగ్ లేని గాజు మీద పడిన వెలుతురులో ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెనక్కి పోతుంది. కోటింగ్ పోయిన చోట అదే జరుగుతుంది, సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు మెరుపు కొడుతుంది. కోటింగ్ మళ్లీ వేయించడం ఈ స్కోపు ధరకి గిట్టుబాటు కాదని చెప్పాను. లక్ష్యం స్పష్టంగానే కనిపిస్తోంది కాబట్టి ఆయనా సరేనన్నారు.

ఏ కవర్?

ఇప్పుడు అసలు పని. ఆయన అడిగింది "ఒక మంచి కవర్ చెప్పు తమ్మీ" అని. ఒక్క కవర్‌తో అయ్యే పని కాదిది అన్నాను. దారిలో కుదుపులూ దెబ్బలూ తట్టుకునేది ఒకటి, చేలో గాజుని వానా దుమ్మూ పడకుండా కాచి చటుక్కున తెరుచుకునేది ఒకటి, ఇంట్లో గాలి ఆడనిచ్చేది ఒకటి. ఒకే వస్తువు ఈ మూడూ చేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నేను కొనను.

బజార్లో ముందుగా చేతికొచ్చేది సాగే తాడుతో కలిపిన రెండు పారదర్శక మూతల జత. చవక. కవర్ ఉండగానే గురి చూడొచ్చని అట్ట మీద రాస్తారు. చూడొచ్చు, కానీ ఆ ప్లాస్టిక్ అంత చదునుగా ఉండదు, ఎండకి పసుపెక్కుతుంది, బొమ్మ మసకబారుతుంది, గురి కొద్దిగా పక్కకి జరిగే వీలూ ఉంది. జంతువుకి గాయం చేసి వదిలేయకూడదు అనుకునే మనిషి దాంట్లోంచి కాల్చకూడదు. పైగా మన ఎండలకి ఆ తాడు సాగిపోతుంది. తోలు మూతలు అందంగా ఉంటాయి, పాతకాలం షికారీల ఫొటోల్లో చూసి ఆయనకి వాటి మీద మోజు. తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది, వానాకాలంలో దాని మీదే బూజు పడుతుంది. వద్దన్నాను.

మిగిలినవి ఫ్లిప్ క్యాపులు. స్ప్రింగు ఉన్న మూతలు, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. అసలు మతలబంతా కొలతల్లోనే. స్కోపు మీద 40 అని ఉంటే చాలామంది 40 ఎం.ఎం. క్యాపు తెచ్చుకుంటారు, అది ఎక్కదు. 40 అనేది ముందు గాజు వ్యాసం. దాని చుట్టూ గంట ఆకారంలో వెడల్పైన లోహపు భాగం (దాన్నే గంట అంటాం) బయటి వ్యాసం వేరే. డిజిటల్ వెర్నియర్‌తో కొలిస్తే ఈయన స్కోపుకి ముందు 47.2, కంటి వైపు 42.6 వచ్చింది. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కొలవాలి. కంటి వైపు భాగం కొన్ని స్కోపుల్లో పూర్తి గుండ్రంగా ఉండదు. వెర్నియర్ లేకపోతే సన్నటి కాగితం పట్టీ చుట్టి, అంచులు కలిసిన చోట గీత పెట్టి, పొడవుని 3.14తో భాగించండి. పట్టీ 148 ఎం.ఎం. వస్తే వ్యాసం 47 దాటిందన్నమాట. బట్లర్ క్రీక్ లాంటి కంపెనీలు ముందు వైపుకీ కంటి వైపుకీ వేర్వేరు సైజు నంబర్లు ఇస్తాయి, ఆ పట్టికలో ఈ బయటి కొలతే చూడాలి. లూజుగా ఉంటే మొదటి గుండుకే ఎగిరిపోతుంది. మరీ బిగుతైతే ఎక్కించేటప్పుడు జూమ్ రింగు, ఫోకస్ రింగు తిరిగిపోతాయి.

రెండు క్యాపులూ తెప్పించాను. ఆయన ఇంటికి వెళ్లి, ఆయన చేతిలోనే, చాంబర్ (తూటా ఉండే చోటు) ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాక అమర్చి చూశాం. డీలర్ అప్పటికే స్కోపుని రైఫిల్ మీదికి ఎక్కించి ఉన్నాడు. రింగులు పొట్టివి కాబట్టి ముందు గంటకీ నాళానికీ మధ్య సందు తక్కువ. క్యాపు గోడ మందం పోనూ పోస్టు కార్డు ఆడేంత మిగిలింది. అది చాలు, తగలకపోతే చాలు. తగిలితే కాల్చినప్పుడల్లా నాళం అదురు స్కోపుకి ఎక్కి గురి నిలవదు.

కంటి వైపు కుదరలేదు. పాత మౌజర్ తరహా బోల్టు అది, పిడి బాగా పైకి లేవాలి. క్యాపు లేనప్పుడు పిడి గుబ్బ కంటి భాగాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకునేది. క్యాపు పెట్టగానే దాని మడతబందుకి తగిలి ఆగిపోయింది. బందుని ఎడమ వైపుకి తిప్పి పెట్టాం. అప్పుడు పిడి లేచింది కానీ క్యాపు అంచుని రాసుకుంటూ లేచింది. ఇంకో చిక్కూ ఉంది. ఈ స్కోపుకి కంటికీ గాజుకీ మధ్య ఉండాల్సిన దూరం 90 ఎం.ఎం. దగ్గర. క్యాపు అంచు అందులో ఒక సెంటీమీటరు తినేస్తుంది. .30-06 తన్నుడికి ఆ సెంటీమీటరు కనుబొమ దగ్గర తెలిసొస్తుంది. ఆయన కనుబొమ మీద పాత గాటు ఒకటి ఉంది కూడా, దాని కథ ఆయనే నవ్వుతూ చెప్పారు.

కాబట్టి కంటి వైపు ఫ్లిప్ క్యాపు మానేసి, లాగితే ఊడి వచ్చే మెత్తటి రబ్బరు మూత పెట్టాం. సన్నటి నైలాన్ దారంతో స్కోపు ట్యూబుకి కట్టాం, చీకట్లో కింద పడినా పోదు. శబ్దం కూడా రాదు. ముందు ఫ్లిప్ క్యాపు 'టిక్'మంటుంది. పందికి చూపు అంతంత మాత్రమే అయినా చెవీ ముక్కూ మహా చురుకు. అందుకని ముందు మూతని మంచె ఎక్కగానే తెరిచి పెట్టుకోమన్నాను, గురి పెట్టే క్షణంలో కాదు. మూత పైకి తెరుచుకునేలా కాకుండా ఎడమ పక్కకి తెరుచుకునేలా తిప్పాం. పైకైతే కొమ్మలకి తట్టుకుంటుంది.

పాత నియోప్రీన్‌ని పారేయమనలేదు. ఉతికి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, కారు ప్రయాణానికి మాత్రమే అని పక్కన పెట్టాం. అది లాగేటప్పుడు ఒక చేత్తో జూమ్ రింగుని పట్టుకోవాలి, లేకపోతే 4లో ఉన్నది 7కి పోతుంది. చీకట్లో అది గమనించకుండా గురి పెడితే పంది బదులు దాని వీపు వెంట్రుకలే కనిపిస్తాయి.

ఇంటికి కాటన్ సంచి. మలక్‌పేటలోనే టైలర్ దగ్గర కుట్టించారు. ఉతికి గంజి పోగొట్టిన పల్చటి కాటన్, వదులుగా, మూతి దగ్గర తాడు. రైఫిల్ తాళంలో ఉండే ఇనుప బీరువాలోనే చిన్న తేమ మీటరు, సిలికా జెల్ డబ్బా. మీటరు 40, 50 మధ్య ఉండాలి. రంగు మారే జెల్ కొనమన్నాను. నీలం జెల్ తేమ పీల్చాక గులాబీ రంగుకి వస్తుంది, కానీ ఆ నీలంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. నారింజ రంగుది తీసుకుంటే ఆ బెడద లేదు. తడిసిన జెల్‌ని 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. ఆయన అప్పటికే బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేశారు, పట్టుచీరల బీరువాలో వేసినట్టు. తీయించాను. అవి ఆవిరై చల్లటి గాజు మీద పొరలా పేరుకుంటాయి, కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తాయి, తేమని ఏమీ చేయవు.

చేను నుంచి వచ్చాక చేయాల్సింది కూడా కాగితం మీద రాసిచ్చాను: మూతలన్నీ తీయండి, స్కోపుని ఫ్యాన్ కింద పెట్టండి, మర్నాటి దాకా ఏదీ తొడగకండి. ఆ కాగితం ఆయన బీరువా తలుపుకి లోపలి వైపు అతికించారు.

వానాకాలం తర్వాత

రింగులు విప్పి మళ్లీ బిగించారు కాబట్టి, మళ్లీ ఊరికి వెళ్లేముందు రేంజిలో జీరో చేయించుకోమని, అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేయించుకోమని, డీలర్ చెప్పాడట. చేయించారు. తర్వాతి వానాకాలం అయ్యాక స్కోపు ఒక్కటే విప్పించి మళ్లీ తెచ్చారు. రెండు గాజుల మీదా కొత్త ఫంగస్ లేదు. పాత జాడ ఎంత ఉందో అంతే ఉంది. వెనక రింగు స్క్రూ ఒకదాని తలలో మళ్లీ ఎర్రటి పొడి కనిపించింది. బుగ్గ ఆనించే చోటికి అది దగ్గర, చెమట దిగుతోంది. ఆ స్క్రూలని స్టెయిన్‌లెస్ వాటితో మార్చమని, తలల మీద ఒక చుక్క తుపాకీ నూనె అద్దమని డీలర్‌కి చీటీ రాశాను.

ముందు ఫ్లిప్ క్యాపు మడతబందు మాత్రం విరిగింది. తుమ్మ పొదలోంచి వస్తుంటే తగులుకుందట. ఈసారి లోహంది పెట్టమన్నారు. అలాంటివి చాలావరకు స్కోపు ముందు అంచు లోపలి మరల్లోకి బిగించేవి, ఆయన స్కోపుకి ఆ మరలే లేవు. బయట బిగించే లోహపు క్యాపు పెడితే నాళంతో ఉన్న ఆ కాస్త సందూ పోతుంది. అందుకే అదే సైజు ప్లాస్టిక్ క్యాపు ఇంకోటి తెప్పించి ఇచ్చాను, పొదలు దాటేదాకా మూసి ఉంచమన్నాను.